పసుపులో ఉండిపోయిన డ్రమ్ములు

మా కార్ఖానాలో ఒక కొప్పెర చెడిపోయిందని చెప్పడానికి పూర్వం అరటిపండు బజ్జీలు వేయించేవాళ్ళం. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వు తీరాక వినండి.

జావా దీవిలో, జువానా అనే ఊళ్ళో మాది సోయా సాస్ కార్ఖానా. నల్ల సోయాగింజలు ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరేవి. ఆ ఊటని కొబ్బరిబెల్లం, అనాసపువ్వు వేసి పెద్ద పెద్ద కొప్పెరల్లో మరిగిస్తే, నల్లగా చిక్కగా తయారై సీసాల్లోకి వెళ్ళేది. నేను అక్కడ ల్యాబ్ చూసుకునేదాన్ని. ప్రతి కొప్పెర నుంచీ ఒక చిన్న సీసా మా బల్ల మీదికి వచ్చేది. ఉప్పు చూసేవాళ్ళం, పులుపు చూసేవాళ్ళం, చిక్కదనం చూసేవాళ్ళం. చిక్కదనం తక్కువైతే నెల తిరక్కుండా సీసాలో నురగ కట్టి, ఏ ఇల్లాలి వంటింట్లోనో మూత ఎగిరి గోడకి తగులుతుంది. అంచేత అలాంటి సరుకుని మళ్ళీ మరిగించాల్సిందే. ఆ సంగతి వంటశాల పెద్ద దర్సోనో పెదనాన్నకి చెప్పాలి. కష్టమంతా అక్కడే.

ఆయన నాకు చుట్టమేం కాదు. కార్ఖానా అంతా ఆయన్ని పెదనాన్న అనే పిలిచేది. చదువు అయిపోయి, చేతిలో దరఖాస్తుతో నేను గేటు దగ్గర నిలబడి ఉంటే, "ఎండలో ఏంటమ్మడూ, లోపలికి రా. ఇంకాసేపు అక్కడే ఉంటే మా సరుకు రంగుకొస్తావ్" అని పిలిచింది ఆయనే. ఉద్యోగం దొరికిన రోజు తన క్యారేజీలోంచి సగం అన్నం నా పళ్ళెంలో పెట్టిందీ ఆయనే. అలాంటి మనిషి ముందు నిలబడి "మీ కొప్పెర పనికిరాదు" అనడానికి నోరెలా వస్తుంది? మా జావా వాళ్ళకి మొహమాటం పాలతో పాటే పట్టేస్తారు. 

అందుకని బజ్జీల ప్లేటు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేను చేరేనాటికే ఉంది. ఏదైనా కొప్పెర తేడా వస్తే ల్యాబ్ నుంచి ఎవరో ఒకరు క్యాంటీన్‌కి వెళ్ళి బజ్జీలు వేయించుకుని, వేడి వేడిగా వంటశాలకి పట్టుకెళ్ళాలి. పెదనాన్న బెల్లం బస్తా మీద తువ్వాలు పరిచి కూర్చోమనేవారు. వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం. చేపల రేటు, ఆయన మనవరాలి పళ్ళు, మా ఆయన మోటార్ సైకిలు, అన్నీ అయ్యేవి. ఆయన ఒక బజ్జీ తిని, చెయ్యి తుడుచుకుని, ఎటో చూస్తూ అనేవారు.

"ఆ మూడో కొప్పెర నాకెందుకో పొద్దుటి నుంచీ నచ్చట్లేదే. ఇంకాస్త మరిగిద్దామనుకుంటున్నా. ఏమంటావ్?"

"మీ ఇష్టం పెదనాన్నా. మీకు తెలీనిదా."

అంతే. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. సరుకు బాగుపడింది. ఒకవేళ ఆయన చెప్పిన కొప్పెర, మేమనుకున్న కొప్పెర వేరువేరైతే, నేను ఇంకో బజ్జీ ఆయన వైపు జరిపేదాన్ని. ఆయన మళ్ళీ ఆలోచించుకునేవారు. రంజాన్ ఉపవాస నెలలో అయితే ప్లేటు మీద గుడ్డ కప్పి ఇచ్చేవాళ్ళం. సాయంత్రం ఇఫ్తార్‌కి తినేది, కబురు మాత్రం అప్పుడే అందిపోయేది. ఆ బెల్లం ఆవిరి, ఆ బస్తా మీద కబుర్లు, చేతికంటుకునే ఆ నూనె, అన్నీ గుర్తే. ఇప్పటికీ ఎక్కడైనా అరటిపండు వేగుతున్న వాసనొస్తే నా కాళ్ళు ఆగిపోతాయి. అలాంటి ఉద్యోగం ఇంకెవరికీ దొరకదు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

ఈ పద్ధతి వల్ల కాగితాల మీద మా కార్ఖానాలో ఒక్క కొప్పెర కూడా చెడిపోలేదు. ఏనాడూ. సురబయలోని హెడ్డాఫీసు వాళ్ళు దాన్ని చూసి మురిసిపోయారో, అనుమానపడ్డారో మాకు తెలీదు. ఒకరోజు మాత్రం తోగార్ అనే కుర్రాణ్ణి మా మీదికి పంపారు.

తోగార్ బతక్ తెగవాడు, సుమత్రా దీవిలోని మెదాన్ వైపు నుంచి వచ్చాడు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. కొనడం, వండడం, నిలవ, అమ్మకం, లెక్కలు, అన్నీ ఒకే కంప్యూటర్ సిస్టమ్‌లో నడుస్తున్నాయి, ల్యాబ్ ఒక్కటే బయట ఉండిపోయింది, దాన్ని కూడా లోపలికి లాగాలి. అదీ అతని పని. మొదటి రోజే మా బల్ల మీద చెయ్యేసి చెప్పాడు.

"ఇకనుంచి మీరిక్కడ అంకె కొడితే అక్కడ గోడౌన్ తాళం తెరుచుకుంటుందన్నమాట. బాగుంటే పచ్చ. పనికిరాకపోతే ఎరుపు. మీరు ఏదీ నొక్కేదాకా పసుపు. పసుపులో ఉన్న డ్రమ్ముని ఎవడూ కదపలేడు, ఓనరైనా సరే. సింపుల్!"

"సింపులే" అంది నికెన్. మా ల్యాబ్‌లో నాకు కుడిచెయ్యి అది. నాలుక మాత్రం దాని చేతిలో ఉండేది కాదు.

"సరే, ఇప్పుడు చెప్పండి. కొప్పెర ఫెయిలైతే మీరేం చేస్తారు?"



"మళ్ళీ మరిగిస్తారు" అన్నాను.

"వాళ్ళకెవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు. తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది కుస్రిని గారూ? కలలోకి వస్తుందా?"

నికెన్ కిసుక్కున నవ్వింది. నేను టీ తాగుతారా అని అడిగాను. అతను మూడుసార్లు తిప్పి తిప్పి అడిగాడు, నేను మూడుసార్లు టీయే ఇచ్చాను. బజ్జీల సంగతి చదువుకున్న కుర్రాడికి చెప్పడానికి సిగ్గేసింది. పాపం, అతను తన పుస్తకంలో ఏదో రాసుకుని, కడుపు నిండా టీతో వెళ్ళిపోయాడు. అలా మా బజ్జీలు సిస్టమ్‌లోకి ఎక్కలేదు.

ఉపవాస నెల మొదలైన వారమే సిస్టమ్ కూడా మొదలైంది. మా వ్యాపారానికి అంతకంటే తప్పు ముహూర్తం ఉండదు. ఉపవాసాలు ముగిశాక వచ్చే లెబరాన్ పండగకి జావాలో ప్రతి ఇంటికీ మా సీసా కావాలి. కొప్పెరలకి ఊపిరాడట్లేదు. దానికితోడు ఆ ఏడు వానలకి బెల్లం తడిసి వచ్చింది. పగలంతా ఉపవాసం, వంటవాళ్ళు నాలిక మీద చుక్క వేసుకుని చూసుకోవడానికీ లేదు. ఇవన్నీ చాలవన్నట్టు, ఆ పండగతో దర్సోనో పెదనాన్న రిటైరవుతున్నారు.

రెండో రోజే, పెదనాన్న స్వయంగా వండిన నాలుగో కొప్పెర పలచగా వచ్చింది. మళ్ళీ చూశాను. నికెన్ చూసింది. పలచనే. అప్పటికే ఆ సరుకు డ్రమ్ముల్లో పడి, గోడౌన్ చేరి, సిస్టమ్‌లోకి ఎక్కిపోయింది. పూర్వంలా గుట్టుగా వెనక్కి తెచ్చి మరిగించడానికి వీల్లేదు. ఎరుపు నొక్కితేనే డ్రమ్ము గోడౌన్ నుంచి వంటశాలకి కదులుతుంది. ఎరుపు నొక్కితే మాత్రం దానంతటదే మెయిల్ వెళ్ళిపోతుంది. సురబయకి, లెక్కల వాళ్ళకి, అమ్మకాల వాళ్ళకి, అన్ని విభాగాల పెద్దలకి, ఆఖరికి గేటు ఆఫీసుకి కూడా. అందులో వండినవారి పేరు ఉంటుంది.

"అక్కా, నువ్వు నొక్కు" అంది నికెన్.

"నువ్వే నొక్కు. నీకు నాలుక పొడుగుగా."

"నాలుకతో నొక్కేది కాదుగా."

ఇద్దరం నొక్కలేదు. పసుపులోనే వదిలేశాం. అయితే ఇంకో చిక్కు వచ్చింది. అన్నీ పచ్చగా ఉండి అదొక్కటే పసుపుగా ఉంటే, చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోదూ? పెదనాన్న పరువు ఏం కాను? అందుకని దానికి తోడుగా నాలుగు మంచి కొప్పెరల్ని కూడా పసుపులోనే ఉంచాం. మర్నాడు అవి మరీ బయటపడుతున్నాయనిపించి ఇంకొన్ని చేర్చాం. ఇంత తెలివితక్కువ పని మేం తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరని నాకు తెలుసు. ఆ పూట మాత్రం అది మర్యాదగానే తోచింది.

వారం తిరిగేసరికి గోడౌన్ నిండా పసుపు డ్రమ్ములు. కార్ఖానా నిండా సరుకు, బయటికి పంపడానికి ఒక్క డ్రమ్ము లేదు. లారీలు గేటు నుంచి రేవు రోడ్డు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లు లారీల కిందే చాపలేసుకుని పడుకున్నారు. సురబయ నుంచి ఫోన్లే ఫోన్లు. తోగార్ కంప్యూటర్ ముందు కూర్చుని జుట్టు పీక్కున్నాడు. తన సిస్టమ్‌లోనే ఎక్కడో తప్పుందని తిండి మానేసి వెతికాడు. మా మతం కాకపోయినా, మాతో సమానంగా అతను కూడా ఉపవాసం ఉన్నట్టయింది. చివరికి ల్యాబ్‌కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నేనేం తప్పు చేశానో చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

అతని మొహం చూసి నా మనసు కరిగిపోయింది. బజ్జీల దగ్గర్నించీ మొత్తం చెప్పేశాను. అతను నోరు తెరుచుకుని విన్నాడు. తరవాత పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"మా ఊళ్ళో అయితే గేటు దగ్గర్నించే అరుస్తామండీ. ఒరే, నీ వంట పాడైపోయిందిరా అని! వాడు కూడా తిరిగి అరుస్తాడు. సాయంత్రం ఇద్దరం కలిసి తింటాం."

"మాకు అలా చేతకాదు బాబూ."

అతను నవ్వడం ఆపాడు. "అయితే ఈ మాట కూడా వినండి. పసుపు చూసి చూసి సురబయ వాళ్ళకి విసుగొచ్చింది. రేపు మధ్యాహ్నానికి మీరు తేల్చని డ్రమ్ములన్నీ వాటంతటవే పచ్చగా మార్చెయ్యమన్నారు. నేను వద్దన్నాను, వినలేదు. మీ నాలుగో కొప్పెర కూడా వెళ్ళిపోతుంది."

మంచివాటినన్నిటినీ అక్కడికక్కడే పచ్చ చేసేశాం. నాలుగోది ఒక్కటి మిగిలింది. మర్నాడు పొద్దున్నే నేను వంటశాలకి వెళ్ళాను. చేతిలో ప్లేటు లేదు. పెదనాన్నే ఒక దారి చూపిస్తారని, ఎప్పటిలాగే ఆయన నోటి నుంచే ఆ మాట వస్తుందని ఆశ.

ఆయన బస్తా మీద తువ్వాలు పరిచారు. నేను వాన గురించి ఎత్తాను. ఆయన వాన గురించి మాట్లాడలేదు.

"కూర్చో అమ్మడూ. నేనే కబురు పంపుదామనుకుంటున్నా. ఇన్నేళ్ళలో నా చేతి కొప్పెర ఒక్కటైనా ఫెయిలయిందేమో కాగితాల మీద చూడు."

"లేదు పెదనాన్నా."

"ఇంకో మూడు వారాల్లో ఇంటికెళ్ళిపోతా. నా మనవరాలు పెద్దయ్యాక, మీ తాత ఎలాంటివాడని ఎవర్నైనా అడుగుతుంది." ఆయన కొప్పెర వైపు చూస్తూ గరిటె తిప్పారు. "ఆ కంప్యూటర్‌లో ఏదో ఎరుపు ఉంటుందటగా. మెయిల్ ఊరంతా తిరుగుతుందట. నువ్వు ల్యాబ్‌లో ఉన్నావన్న ధైర్యంతో ఉన్నానమ్మా."

 కోపంగా అని ఉంటే బాగుండేది. ప్రేమగా అన్నారు. నేను తల ఊపనూ లేదు, అడ్డంగా తిప్పనూ లేదు. లేచి దణ్ణం పెట్టి వచ్చేశాను.

ల్యాబ్‌కి వచ్చి కూర్చున్నాను. ఒకపక్క నాకు అన్నం పెట్టిన చెయ్యి. ఇంకోపక్క ఎవరో తెలియని వాళ్ళ వంటిళ్ళు, పండగపూట మూత ఎగిరిపోయే సీసాలు. వాటి మీద మా కార్ఖానా పేరు. అది కూడా ఆయన చేతి మీదుగా పెరిగిన పేరే. పెదనాన్న పరువు కాపాడ్డానికి పెదనాన్న పనినే పాడుచేస్తానా? పన్నెండు కొట్టే లోపల నొక్కాలి. నికెన్ కిటికీ దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడింది. నొక్కేశాను. తెర మీద ఆ వరస ఎర్రబడింది. పక్కనే ఆయన పేరు.

ఒక్క క్షణం ఆగి కార్ఖానా అంతటా ఫోన్లు టింగుమన్నాయి. ఆఫీసులో, గోడౌన్‌లో, గేటు దగ్గర. ఆ చప్పుడు నా జన్మలో మరిచిపోను. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

సాయంత్రానికి డ్రమ్ములు వంటశాలకి తిరిగి వెళ్ళాయి. సరుకు మళ్ళీ మరిగింది, చిక్కబడింది, పచ్చబడింది, లారీలు కదిలాయి. సురబయ వాళ్ళు తోగార్‌ని మెచ్చుకున్నారు. అతను వెళ్ళిపోతూ నా దగ్గరికొచ్చి, మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "సిస్టమ్‌లో ఎరుపుకి ఒక మెయిలే పెట్టగలిగాను. మనిషిని పెట్టడం నాకు చేతకాలేదండీ." మంచి కుర్రాడు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

దర్సోనో పెదనాన్న నాతో మాట్లాడలేదు. తిట్టలేదు, మొహం తిప్పుకోలేదు. గేటు దగ్గర ఎదురైతే ఎవరో పెద్ద ఆఫీసర్‌తో మాట్లాడినట్టు, మాలో పరాయివాళ్ళకి వాడే గౌరవపు మాటల్లో "నమస్కారమండీ కుస్రిని గారూ" అనేవారు. అమ్మడూ అనే పిలుపు పోయింది.  ఆ నెలలో ఇంకో రెండు ఎరుపులు నొక్కాను, వేరేవాళ్ళవి. రెండోసారికే ఆలోచించకుండా నొక్కేశాను. సిస్టమ్ బాగానే పనిచేసింది, అబద్ధమెందుకు. సరుకు పూర్వం కంటే మెరుగైంది కూడా. కానీ ఇప్పుడు ల్యాబ్ నుంచి వంటశాలకి వెళ్ళడానికి ఎవరికీ పని లేదు. పని లేకుండా వెళ్ళాలంటే ఏం చెప్పి వెళ్ళాలో మాకు తెలీదు.

పండగ సెలవులకి ముందు ఆఖరి రోజు వచ్చింది. పెదనాన్న ఆఖరి కొప్పెర చిన్న సీసాలో మా బల్ల మీదికి వచ్చింది. నేనే చూశాను. ఉప్పు సరిగ్గా ఉంది. చిక్కదనం గాజుకడ్డీ ఎత్తితే తీగలా సాగింది. తడి బెల్లంతో, ఉపవాసంలో, రుచి చూడకుండా అంత బాగా వండాలంటే ఎన్నేళ్ళ చెయ్యి కావాలి! సంతోషంగా పచ్చ నొక్కాను. తెర మీద వరస పచ్చబడి, పైకి జరిగి, మాయమైపోయింది.

ఫోన్లు మోగుతాయని చూశాను. ఏదీ మోగలేదు. పచ్చకి మెయిల్ లేదు. బాగుంటే ఎవరికీ ఏమీ వెళ్ళదు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. సిస్టమ్‌ని అని ఏం లాభం? మేం మాత్రం ఏనాడు చెప్పాం? ఆయన చేతి నుంచి మంచి కొప్పెరలు లెక్కలేనన్ని వచ్చాయి. వాటిలో ఒక్కదానికైనా మేం ప్లేటు పట్టుకెళ్ళలేదు. నేను ఆయన దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ చెడు కబురే తీసుకెళ్ళాను. తీపిలో ముంచి తీసుకెళ్ళాను, అంతే.

నికెన్ ఏదో అడుగుతున్నా వినిపించుకోకుండా బయటికి నడిచాను. వంటశాలలో మంటలు తగ్గించి కొప్పెరలు కడుగుతున్నారు. పెదనాన్న తన గరిటెని తుడిచి గోడకి తగిలిస్తున్నారు. నన్ను చూడగానే ఆ చెయ్యి ఆగిపోయింది. మొహంలో రంగు దిగిపోవడం దూరం నుంచే కనపడింది. పనివాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ల్యాబ్ మనిషి వచ్చిందంటే ఎందుకొచ్చినట్టో వాళ్ళకి తెలీనిది కాదు.

"ఏ కొప్పెర?" అన్నారు పెదనాన్న. వాన లేదు, చేపలు లేవు. సూటిగా అడిగేశారు.

"ఏదీ కాదు పెదనాన్నా. ఇవాళ్టిది బాగుంది."

"బాగుంటే?"

"బాగుందని చెబుదామనే వచ్చాను. చాలా బాగుంది. అంత మంచిది నేను ఈ మధ్య చూడలేదు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా చేతుల వైపు చూశారు, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశారు. గరిటె కింద పెట్టి బెల్లం బస్తా మీద కూర్చుండిపోయారు. పెదవులు అదురుతున్నాయి. ఆ వయసు మనిషి అలా చిన్నపిల్లాడిలా అయిపోవడం చూసి నాకు కళ్ళు నిండాయి.

"ఈ మాట చెప్పడానికి ఎవరూ రాలేదే ఇన్నేళ్ళలో" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. తరవాత తలెత్తి, "ఇంకోసారి చెప్పు అమ్మడూ" అన్నారు.

"బాగుంది పెదనాన్నా."

"అలా కాదు. ఆ రోజు ఎరుపు అందరికీ వినపడింది. ఇది కూడా అందరికీ వినపడాలి. గట్టిగా చెప్పు."

పెద్దవాళ్ళ ముందు నేను ఏనాడూ గొంతెత్తి ఎరగను. మా అమ్మ ఉండుంటే సిగ్గుతో చచ్చిపోయేది. కొప్పెరలు కడిగేవాళ్ళు, బెల్లం కొట్టేవాళ్ళు, గుమ్మంలో నిలబడ్డ గోడౌన్ వాళ్ళు, అందరూ నావైపే చూస్తున్నారు. నేను ఊపిరి పీల్చుకుని, మెదాన్ వాళ్ళలాగా, గేటు దాకా వినపడేట్టు అరిచాను.

"దర్సోనో పెదనాన్న వంట బాగుంది!"